రోస్ట్ బీఫ్‌కి యారాడ దారి

మెక్‌డొనాల్డ్స్ మన దేశంలో తొలి దుకాణం తెరిచింది 1996లో, ఢిల్లీలో. ప్రపంచమంతా గొడ్డుమాంసం బర్గర్లు అమ్మి పేరు తెచ్చుకున్న కంపెనీ, ఇక్కడికొచ్చేసరికి ఆ మాంసాన్ని గుమ్మం బయటే వదిలేసి మటన్‌తో ‘మహారాజా మ్యాక్’ పెట్టింది. కొన్నాళ్లకి దాన్నీ చికెన్‌కి మార్చింది. తర్వాత వచ్చిన విదేశీ గొలుసు దుకాణాలూ చాలావరకు అదే బాట పట్టాయి. వ్యాపారికి బేరం ముఖ్యం, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. కాకపోతే అమెరికాలో చదువుకోడానికి వెళ్లి, అక్కడి వేడివేడి రోస్ట్ బీఫ్, చీజ్ శాండ్‌విచ్‌కి నాలుక అలవాటైన మన పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు ఆ దుకాణాల బోర్డుల మీద దాని పేరు ఎక్కడా కనపడదు. తినాలనుంటే ఇంట్లో చేసుకోవాల్సిందే.

చేసుకోడానికి దిగినవాళ్లు ఎక్కువమంది ఒకటే పొరపాటు చేస్తారు. వంటకాన్ని కాకుండా కొట్టు సామాన్ల జాబితాను దిగుమతి చేసుకుంటారు. అమెరికా చెడ్డార్ కావాలి, హార్స్‌రాడిష్ సీసా కావాలి, ఓవెన్ కావాలి. మా వీధిలో ఒకబ్బాయి ఇవన్నీ ఆన్‌లైన్లో తెప్పించాడు. బిల్లు చూసి వాళ్లమ్మ గుండె పట్టుకుంది. తీరా చేస్తే చీజ్ విరిగి నూనె ఓ పక్కకి, ముద్ద ఓ పక్కకి పోయింది. మాంసం తోలులా సాగింది. ‘ఇక్కడి సరుకు మంచిది కాదు’ అని తేల్చేశాడు. సరుకులో లోపం లేదు. అతను పద్ధతిని వదిలేసి పేర్ల వెంట పడ్డాడు.

ఇంతకీ ఆ శాండ్‌విచ్ పుట్టుక చూస్తే మనకి చుట్టరికం ఉన్నట్టే అనిపిస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో రెవీర్ బీచ్ అని ఒకటుంది. అక్కడ 1951లో మొదలైన కెల్లీస్ అనే కొట్టు, వేడి రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్‌ని కనిపెట్టింది తానేనంటుంది. అంటే సముద్రపు గాలిలో నిలబడి తినే చిరుతిండి అది, మన విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ లాగా. అక్కడివాళ్లు అందులో బార్బెక్యూ సాస్, మయొనైజ్, చీజ్ మూడూ వేసి ‘త్రీ వే’ అని అడుగుతారు. 1964లో రఫెల్ సోదరులిద్దరు ఒహాయో రాష్ట్రం బోర్డ్‌మన్‌లో ఆర్బీస్ పెట్టి, దీన్నే దేశమంతటా గొలుసు దుకాణాలకి ఎక్కించారు. హ్యాంబర్గర్ 15 సెంట్లకి దొరికే రోజుల్లో వాళ్లు ఈ శాండ్‌విచ్‌ని 69 సెంట్లకి అమ్మారు. జనం కొన్నారు. కారణం ఒక్కటే, మాంసాన్ని వాళ్లు ఖీమా కొట్టలేదు. పెద్ద గడ్డని అలాగే ఉడికించి, కాగితంలా పలచగా కోశారు. బుజ్జి రేకులు గుట్టగా పడితే నోటికి మెత్తగా, నిండుగా తగులుతాయి. ఈ వంటకానికి ప్రాణమంతా ఆ కత్తిలో ఉంది.

పద్ధతి బయటనుంచి తెచ్చుకుని సరుకు మన దగ్గర చూసుకోవడం విశాఖకి కొత్తేమీ కాదు. ఉక్కు కర్మాగారం కట్టింది సోవియట్ సాయంతో. ఇనుప ఖనిజం వచ్చేది బైలదిలా నుంచి. మనకి చాలని కోకింగ్ బొగ్గు మాత్రం ఓడల్లో దిగుతుంది. శాండ్‌విచ్‌కీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఏది మన దగ్గరుందో, ఏది తెచ్చుకోవాలో ముందు చూసుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

మాంసంతో మొదలుపెడదాం. మా ఊరు యారాడకి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఇక్కడ పొద్దున్నే గుమ్మంలోకి వచ్చేది చేప. పెద్దమాంసం కావాలంటే ఘాట్ రోడ్డెక్కి కొండ దిగి సింధియా, మల్కాపురం వైపు పోతాం. కొట్టు దగ్గర తొడ భాగంలో ఎముక లేని కిలో గడ్డ అడగండి. ‘కూర ముక్కలు కొట్టీమంటారా సార్?’ అని కత్తి పైకెత్తుతాడు. ‘వద్దు, అలాగే ఇచ్చెయ్’ అంటే ఒక్క క్షణం మొహం చూస్తాడు. ఎందుకంటే మన దగ్గర మాంసమంటే ముక్కలే. అమెరికా రోస్ట్‌కీ మన కూరకీ తేడా మొదలయ్యేది ఆ మొద్దు మీదే.

మనకి దొరికేది గేదె, దున్నల మాంసం. రంగు ముదురు, కొవ్వు తక్కువ, నార ఎక్కువ. అందుకని అమెరికా పుస్తకంలో రాసినట్టు లోపల గులాబీ రంగు ఉండగానే దించేస్తే నమల్లేం. పైగా మన ఎండకి, మంచుపెట్టె లేని కొట్టు నుంచి వచ్చిన మాంసాన్ని సగం ఉడికించి తినడం తెలివైన పని కాదు. కిలోకి మూడు చెంచాల ఉప్పు, దంచిన మిరియాలు, వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గొలుసు దుకాణాల్లో ఉప్పునీళ్లు, ఫాస్ఫేట్లు ఎక్కించి మాంసంలో తడి నిలబెడతారు. ఇంట్లో ఆ పని రాత్రంతా పట్టిన ఉప్పు చాలావరకు చేసేస్తుంది. మర్నాడు కుక్కర్లో నూనె కాచి గడ్డని అన్ని వైపులా ఎర్రగా వేయించి, ఓ ఉల్లిపాయ, గ్లాసుడు నీళ్లు పోసి మూత పెట్టండి. ఆవిరి వచ్చాక మంట బాగా తగ్గించాలి. ముదురు మాంసంలో నారల్ని కట్టి ఉంచే బిరుసు పొరలు తడి వేడిలో నెమ్మదిగా కరిగి జిగురవుతాయి. ఎక్కువసేపు పెడితే మాంసం పీచులై విడిపోతుంది, కోయడానికి పనికిరాదు. చాకు మొన గుచ్చితే సులువుగా దిగాలి, గడ్డ మాత్రం చెదరకూడదు. అదీ లెక్క. విజిల్స్ లెక్క చెప్పడం లేదు, గేదె వయసు నాకు తెలియదు కాబట్టి.

ఓవెన్ లేదే అనేవాళ్లకి ఒక మాట. వాల్తేరు రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఈ వంట ఎప్పుడూ ఓవెన్ కోసం ఆగలేదు. గడ్డని మిరియాలు, లవంగాలతో గిన్నెలో మూతపెట్టి నెమ్మదిగా మగ్గించి, చల్లారాక పలచగా కోసి, రొట్టె మధ్య పెట్టి డ్యూటీకి పోయేవాళ్ల టిఫిన్లో సర్దేవారు. వాళ్లు ‘పాట్ రోస్ట్’ అనేది ఇదే. మన ఊరికి ఈ శాండ్‌విచ్ విమానంలో రాలేదు, బెంగాల్ నాగపూర్ రైల్వేతో ఎప్పుడో వచ్చింది.

ఉడికిన గడ్డని ఆ రోజే కోయొద్దు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, కోసే ముందు గంటసేపు ఫ్రీజర్లో గట్టిపరచండి. ఇప్పుడు దగ్గరగా చూడండి: మాంసంలో నారలు దారాల్లా ఒక దిక్కుకి పరుచుకుని ఉంటాయి. కత్తి వాటికి అడ్డంగా నడవాలి. నారల వెంట కోస్తే ప్రతి రేకూ ఒక తాడు, దవడ నొప్పి ఖాయం. అడ్డంగా కోస్తే అదే నార పొట్టి పొట్టి ముక్కలై పళ్ల కింద ఇట్టే తెగుతుంది. రేకుని వెలుతురుకి పట్టుకుంటే అవతల వేలు నీడ కనపడాలి. తర్వాత కుక్కర్లో మిగిలిన రసాన్ని వేడిచేసి, పొయ్యి కట్టేశాక ఈ రేకుల్ని అందులో ముంచి తీయండి. మరిగిస్తే మళ్లీ బిరుసెక్కుతాయి.

చీజ్ విషయంలో మన అమ్మలు కొనే మామూలు స్లైసులే సరైనవి. ఖరీదైన చెడ్డార్ మంట మీద విరుగుతుంది; అందులోని కొవ్వు, మాంసకృత్తులు వేడికి విడిపోతాయి. సూపర్ మార్కెట్లో దొరికే ప్రాసెస్డ్ చీజ్‌లో సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలు ముందే ఉంటాయి కాబట్టి అది నున్నగా కరుగుతుంది. చెంచా వెన్నలో చెంచా మైదా పచ్చి వాసన పోయేదాకా వేయించి, కప్పు పాలు కొద్దికొద్దిగా పోసి, చిక్కబడ్డాక దించేసి నాలుగు చీజ్ స్లైసులు చించి వేసి కలపండి. చెడ్డారే కావాలనే పట్టుదల ఉంటే, నిమ్మరసంలో చిటికెడు వంటసోడా వేసి పొంగు చల్లారాక ఆ నీళ్లు కలపండి. ఇంట్లోనే తయారైన సోడియం సిట్రేట్ అది. చీజ్ విరగదు.

ఇక హార్స్‌రాడిష్. ఇదే నాకు అన్నిటికన్నా ముచ్చటైన సంగతి. ఆ దుంప ముక్కుకెక్కించే ఘాటుకి మూలం అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థం. మన నల్ల ఆవాల ఘాటూ అదే! పెళ్లి భోజనంలో పనసపొట్టు కూరకి ఆవ పెట్టడం తెలిసిన ఇల్లు, సీసా కోసం ఆన్‌లైన్లో వెతకడం ఎందుకు? రెండు చెంచాల ఆవపిండిని చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు వదిలేయండి. వేణ్నీళ్లు పోస్తే ఘాటు పుట్టించే ఎంజైమ్ చచ్చిపోయి చేదే మిగులుతుంది. ఘాటు పట్టాక చెంచా వెనిగర్ కలిపితే అది నిలబడుతుంది. అప్పుడు మయొనైజ్‌లో కలపండి. పులిహోరలో ఆవ తిన్న నోటికి ఇది పరాయి రుచి అనిపించదు. రెండో సాస్ మరీ సులువు: టమాటా కెచప్, వెనిగర్, వెల్లుల్లి, కొంచెం బెల్లం, చిటికెడు కారం.

బేకరీ బన్ను మధ్యకి కోసి లోపలి వైపు వెన్న రాసి పెనం మీద ఎర్రగా కాల్చాలి. లేకపోతే సాస్ పీల్చి ముద్దయిపోతుంది. మాంసం రేకుల్ని పరిచి పెట్టొద్దు, గుట్టగా పడేయండి. పైన చీజ్, సాసులు. వెంటనే తినకుండా బటర్ పేపర్లో గట్టిగా చుట్టి రెండు నిమిషాలు ఆగండి. దుకాణంలో పొట్లం కట్టేది చేతికి అంటకూడదని మాత్రమే అనుకుంటాం. లోపలి ఆవిరికి బన్ను మెత్తబడి, చీజ్ మాంసంలోకి దిగేది ఆ పొట్లంలోనే. ‘అచ్చం అక్కడిలాగే ఉంది’ అనిపించేది ఈ ఆఖరి పనితోనే.

వంట అయ్యింది. అసలు మాట మిగిలింది. ఒహాయోలో రోస్ట్ బీఫ్ తింటున్న ఫొటో పెడితే బంధువులందరూ లైకులు కొడతారు. అదే అబ్బాయి మల్కాపురంలో కిలో మాంసం కొంటే, నల్ల కవరు మీద ఇంకో నల్ల కవరు చుట్టి, బండి డిక్కీలో పెట్టి తెస్తాడు. ఏ చట్టానికి భయపడి? 1977 నాటి మన చట్టం ఆవుల్ని, దూడల్ని కోయొద్దంటుంది. పాడికో పనికో ఇక అక్కరకు రాని గేదెని, దున్నని అధికారి పత్రం మీద కోయనిస్తుంది. భయం చట్టానిది కాదు, పక్కింటి చూపుది. తరతరాలుగా ఈ మాంసం తిన్న దళితులు, ముస్లింలు, క్రైస్తవులు ఆ చూపుని మోస్తూనే ఉన్నారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండగ పెడితే క్యాంపస్ రణరంగమైంది. మటన్ ధరలో సగానికి లోపే దొరికే మాంసకృత్తులు పేదవాడి పళ్లెంలో నీచమూ, డాలర్లలో కొంటే ఫ్యాషనూ ఎలా అవుతాయో చెప్పినవాళ్లు లేరు.

తిననివాళ్లని తినమనే హక్కు ఎవరికీ లేదు. ఇంటికొచ్చిన అతిథికి ఇది ఏ మాంసమో వడ్డించకముందే చెప్పడం మర్యాద. చెప్పకుండా పెట్టడం మోసం. వద్దన్నవాళ్లకి వేరే పెనం మీద ఉడికించిన పనసకాయ ముక్కలు వేయించి, అవే సాసులు పోసి బన్నులో పెట్టండి; ఆవ ఘాటు దానికీ అంతే బాగా అతుకుతుంది. కానీ తినేవాడు మాత్రం ఇకమీదట రెండు నల్ల కవర్ల ఖర్చు మానుకోవాలి. మాంసాన్ని మామూలు సంచిలో వేసుకుని, ముందు గుమ్మంలోంచే ఇంట్లోకి రావాలి.

— తీరవాసి