సీసా మీద ఆకు బొమ్మ ఉంటే చాలా?

అమెరికా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో చాక్లెట్లు, విటమిన్ డబ్బాలతో పాటు హాథార్న్ సీసా ఒకటి దిగుతోంది ఈమధ్య. యూరప్‌లో పొలాలకి కంచెగా పెంచే ముళ్ళచెట్టు అది. దాని ఆకూ పూవూ కలిపి తీసిన సారం గుండెకి బలమట, సైడ్ ఎఫెక్టులే ఉండవట. ఈ "అట"తోనే నా గొడవంతా.

అలాగని ఇది ఉత్త బూటకమనీ అనను. జర్మనీలో కమిషన్ ఇ అనే నిపుణుల సంఘం 1994లోనే దీన్ని తేలికపాటి గుండె బలహీనతకి ఒప్పుకుంది. 2008లో కొక్రేన్ సమీక్షకులు అప్పటిదాకా జరిగిన పరీక్షలు తిరగేసి, మామూలు మందులతో పాటు వాడితే ఆయాసం, నీరసం కొంత తగ్గుతున్నాయన్నారు. "పాటు" అన్నారు, గమనించారా? "బదులు" అనలేదు. మావాళ్ళకి ఆ ఒక్క మాటే వినపడదు. మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ నాన్నగారు మూడు నెలలు ఈ క్యాప్సూల్స్ వేసుకుంటూ డాక్టరు రాసిన మాత్రలు మానేశారు. ఓ అర్ధరాత్రి ఊపిరాడక ఐసీయూలో చేరారు. క్యాప్సూల్ ఆయన్నేం చెయ్యలేదండీ, మానేసిన మాత్రలే చేశాయి.

అదే 2008లో స్పైస్ అనే పెద్ద పరీక్ష ఫలితాలొచ్చాయి. 2,681 మంది రోగులు, రోజుకి 900 మిల్లీగ్రాములు, రెండేళ్ళు. హాని కనపడలేదు, సంతోషం. కానీ గుండెజబ్బుతో చనిపోవడం, గుండెపోటు, ఆస్పత్రి పాలవడం, ఇవన్నీ కలిపి చూస్తే ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అన్న కుర్రాణ్ణి మీటింగ్‌లో ఉతికి ఆరేసే మనం, "పక్కింటాయనకి పనిచేసింది" అంటే మాత్రం ఆర్డర్ పెట్టేస్తాం!

ఇంకో వాదన ఉంది, "చెట్టుదే కదా, ఏం చేస్తుంది?" అని. గన్నేరు పప్పు ఏ ఫ్యాక్టరీలో తయారైందో మరి? పచ్చగన్నేరు విషం తిన్నగా గుండె మీదే పనిచేస్తుంది. దానికి దగ్గరి చుట్టమే డిజాక్సిన్, డాక్టర్లు రాసే గుండె మందు. అదీ ఆకుల్లోంచి వచ్చిందే. అయితే 1785లో విలియం వితరింగ్ ఫాక్స్‌గ్లవ్ ఆకు గురించి పుస్తకం రాసినప్పుడు మోతాదు లెక్కగట్టాడు, పనిచెయ్యని కేసులు కూడా దాచకుండా రాశాడు. మరి సీసా వాడో? అమెరికాలో 1994లో వచ్చిన చట్టం ప్రకారం సప్లిమెంట్ అని పేరు పెడితే, అమ్మేముందు పనిచేస్తుందని ఎఫ్‌డీఏకి రుజువు చూపక్కర్లేదు. జబ్బు నయం చేస్తానని రాయకూడదు కాబట్టి "గుండె ఆరోగ్యానికి తోడ్పాటు" అని రాస్తాడు. మనం అందులో వైద్యం చదువుకుంటాం.

వాడాలనుకుంటే వాడండి, మీ డబ్బు. కానీ బీపీ మాత్రలో, డిజాక్సినో వేసుకునేవాళ్ళు ఆ సీసా పట్టుకెళ్ళి ముందు డాక్టరుకి చూపించండి. సీసాలు పంపే కొడుకులూ కూతుళ్ళూ, ఈ ఆదివారం ఫోన్‌లో "క్యాప్సూల్స్ అందాయా?" అని కాకుండా "పొద్దున మాత్రలు వేసుకున్నారా?" అని అడగండి.