దండీలకు ముందు గాజులు తీయండి



లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట ఎప్పుడైనా నిలబడి చూశారా? బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే చిన్న చిన్న రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. 2024లో ఈ గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని నర్సును కదా, నా చూపు ఆ భుజాల మీదికే పోతుంది. రోజంతా నేల మీద కూర్చుని, మెడ వంచి చేసే పని అది.

ఆ పని చేసే ఒకామె కుడి భుజం పట్టుకుని మా ఓపీకి వచ్చింది. పని వల్లనే అనుకున్నాను. కాదట, ఫోన్‌లో చూసి సూర్యనమస్కారాలు మొదలుపెట్టిందట. చేసి చూపించమన్నాను. నేలకు దిగే ఆసనం దగ్గర దిగలేదు, పడింది. మోచేతులు పక్కలకు పోయాయి, నడుము ఉయ్యాలలా వేలాడింది. చేతులనిండా గాజులు!

"ఫోన్‌ల పిల్ల గిట్లనే చేసింది సిస్టర్" అంది.

అది చతురంగ దండాసనం. రెండు అరచేతులు, రెండు పాదాల మీద ఒళ్ళు కర్రలా నిలవాలి. మన దండీలకు దగ్గరి చుట్టమే. తాలీంఖానాలో పహిల్వాన్ పక్కన ఉస్తాద్ నిలబడతాడు. ఫోన్‌లో పిల్లకు మన మోచెయ్యి కనిపించదు.

నొప్పి అనగానే "యోగా మానెయ్యండి" అని పంపేయడం మా ఆసుపత్రుల వాళ్ళకు అలవాటు. నేను ఒప్పుకోను. వంగి పనిచేసే ఆడవాళ్ళకే భుజాల్లో బలం ఎక్కువ కావాలి. నొప్పి తగ్గేదాకా ఆగమన్నాను, అంతే.

తరువాత గోడ దగ్గర మొదలుపెట్టించాను. అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, ఊపిరి వదులుతూ మెల్లగా వంగాలి. అది కుదిరాక నేల మీద, మోకాళ్ళు ఆనించి. మోచెయ్యి లంబకోణం దగ్గర ఆగిపోవాలి. భుజం మోచేతి కంటే కిందికి జారితే కీలు ముందు భాగం మీద భారమంతా పడుతుంది. పొట్ట బిగించాలి, పిరుదులు పైకి లేవకూడదు. వేళ్ళు తిమ్మిరెక్కేవారు, నిండు గర్భిణులు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

ఆమె ఇంకా గోడ దగ్గరే ఉంది. నేల మీదికి ఎప్పుడని వచ్చినప్పుడల్లా అడుగుతుంది. గాజులు మాత్రం తీసి కిటికీలో పెట్టే మొదలుపెడుతోందట.