పదకొండు నెలల మట్టి

మొన్న శ్రావణంలో ఊరికి వెళ్ళాను. అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో వేరుశనగ పూత మీదున్న రోజులవి. (మా వైపు బుడ్డలంటాం లెండి.) మా తమ్ముడు చేస్తున్న చేనిలోకి దిగి ఒక మొక్కను వేళ్ళు తెగకుండా పెకలించాను. పాత అలవాటు కొద్దీ, వేళ్ళకున్న బుడిపెల్ని గోటితో చిదిమి చూశాను. లోపల ఎరుపు లేదు. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఉన్నవైనా పదో పన్నెండో!

ఈ పరీక్ష మా నాయన నేర్పినది. "బుడిపె చిదిమితే నెత్తురు కనపడాల" అనేవాడు. ఆ నెత్తురు పేరు లెగ్‌హీమోగ్లోబిన్ అని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది దగ్గరి చుట్టం. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైము ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది. కానీ ఆ పని చేసే బాక్టీరియా బ్రతకడానికి ప్రాణవాయువే కావాలి. ఈ చిక్కుముడిని విప్పేది ఆ ఎర్రని పదార్థమే. ప్రాణవాయువును తనలో పట్టి ఉంచుకుని, కొలిచినట్టు కొద్దికొద్దిగా అందిస్తుంది.

1886లో జర్మనీకి చెందిన హెల్‌రీగెల్, పప్పుజాతి మొక్కలకు గాలి నుంచి నత్రజని అందేది ఈ బుడిపెల ద్వారానేనని ప్రకటించాడు. 1888లో నెదర్లాండ్స్‌లో బైయెరింక్ ఆ బాక్టీరియాను విడదీసి పెంచాడు. వేరు కొన్ని రసాయనాలను మట్టిలోకి వదిలి పిలుస్తుంది, బాక్టీరియా తన సంకేతంతో బదులిస్తుంది. చాలా పప్పుమొక్కల్లో అది మూలకేశం గుండా లోనికి వస్తుంది. మన వేరుశనగలో మాత్రం పక్కవేరు పుట్టుకొచ్చేచోట ఏర్పడే సన్నని పగులులోంచి ప్రవేశిస్తుంది.

దీన్ని మనం 'సహజీవనం' అంటాం. మాట అందమైనదే కానీ, అది మనల్ని కొంత మోసగిస్తుందని నా అభిప్రాయం. అక్కడ నడిచేది స్నేహం కంటే లెక్కాచారం. 2003లో టోబీ కియర్స్, ఆమె సహచరులు సోయాచిక్కుడు మీద ఒక ప్రయోగం చేశారు. కొన్ని బుడిపెల చుట్టూ నత్రజనికి బదులు ఆర్గాన్ వాయువు నింపారు. పాపం, ఆ బాక్టీరియా పని చేద్దామన్నా ముడిసరుకు లేదు. మొక్క ఊరుకోలేదు. ఆ బుడిపెలకు ప్రాణవాయువు సరఫరా తగ్గించింది, అందులోని బాక్టీరియా వృద్ధి కుంటుపడింది. ఇచ్చినవాడికే ఇస్తుందన్నమాట!

ఇంత లెక్క తెలిసిన మొక్కకు మనం యూరియా చల్లితే ఏమవుతుంది? నత్రజని ఊరికే దొరుకుతుండగా బుడిపెల్ని పోషించడం దానికి దండగ. తాను ఎండలో కష్టపడి చేసుకున్న చక్కెరను వాటికి పంపడం తగ్గించుకుంటుంది. కొత్త బుడిపెలు పుట్టవు, ఉన్నవి నీరసిస్తాయి. తెల్లటి బుడిపె మొక్క సోమరితనం కాదు, మనం దానికి నేర్పిన లెక్క.

అలాగని కుండెడు సూక్ష్మజీవుల్ని కలిపి పోస్తే నేల బాగుపడిపోతుందని చెప్పేవారితోనూ నేను ఏకీభవించలేను. తిండి లేనిచోట అతిథులు నిలవరు. సేంద్రియ పదార్థం లేని నేలలో పోసిన జీవాలు ఎన్నాళ్ళు బ్రతుకుతాయి? వేళ్ళతో ముడిపడి భాస్వరాన్ని తెచ్చిపెట్టే శిలీంధ్రాల సంగతీ అంతే. మొక్క చేసుకున్న పిండిపదార్థంలో 20 శాతం దాకా అవి తీసుకుంటాయని అంచనా. వాటి దారాలు దున్నిన ప్రతిసారీ తెగుతాయి, మళ్ళీ అల్లుకోవాలి. నేల కోలుకోవడం ఒక కారులో తేలే పని కాదు. ఏళ్ళు పడుతుంది.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాననుకుంటాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"అన్నా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. దిబ్బెరువు నాలుగేళ్ళు తోలితే గానీ ఈ నేల మారదు. యూరియా ఏస్తే వారానికే ఆకు నల్లబడతాది. ఈ చేను నీ వాటా. పోయిన ఉగాదికే అమ్మేస్తానంటివి. నేను ఎవరి కోసం తోలాల?"

నా దగ్గర జవాబు లేదు.

నేల ఆరోగ్యం గురించి వ్రాసేవారిలో చాలామందిమి (నాతో సహా) రైతుకు తెలియదనుకుని ఉపదేశిస్తాం. తెలియక కాదు. తెలిసినా చేయడానికి కాలం తన చేతిలో లేక. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు ఒప్పందానికి 11 నెలల గడువు పెట్టింది. అదీ భూయజమాని సంతకం పెడితేనే. అప్పుకూ, పంట నష్టం పరిహారానికీ ఆ కాగితం పనికిరావచ్చు. మట్టికి మాత్రం 11 నెలలు ఏ మూలకు? నేనైతే మా తమ్ముడికి ఆ మాత్రం కాగితమూ వ్రాసివ్వలేదు. 'మనలో మనకు కాగితాలెందుకు' అన్న ఆప్యాయత చాటున, ఎప్పుడైనా అమ్ముకోగల స్వేచ్ఛను నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. ఆ మొక్కకున్నంత స్పష్టమైన లెక్క కూడా మా అన్నదమ్ముల మధ్య లేదు.

కనుక నా వాదన ఇది. రసాయనాల మీద, కషాయాల మీద వాదులాడుకునే ముందు కౌలు గడువు సంగతి తేల్చాలి. కనీసం ఐదేళ్ళ భరోసా, దిబ్బెరువు ఖర్చులో సొంతదారుకు సగం వాటా. బాగుపడే నేల సొంతదారుదే గనుక అందులో దానమేమీ లేదు.

ఐదేళ్ళకు కాగితం వ్రాయాలనుకున్నాను. హైదరాబాదు తిరిగివచ్చి మూడు వారాలయింది, ఇంకా వ్రాయలేదు. ఎకరం ధర పెరుగుతోందని ఎవరో ఫోను చేశారు. మనసు మెత్తబడలేదని చెప్తే అబద్ధమవుతుంది.

మీలోనూ నాలాగే ఊళ్ళో నేలా, పట్నంలో ఉద్యోగమూ ఉన్నవారు చాలామందే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక మొక్క పెకలించి బుడిపె చిదిమి చూడండి. తెల్లగా ఉంటే, సేద్యం చేసేవాణ్ణి అడిగే ముందు, అతనికి ఎన్నేళ్ళ మాట ఇచ్చారో గుర్తు చేసుకోండి.