బానెట్ కింద ఎవరి రాజ్యం?

తెలుగు స్త్రీవాదం వంటింటిని రాజకీయం చేసింది. నెలసరిని, ప్రసవాన్ని, పడకగదిని, చివరికి ఇల్లు తుడిచే గుడ్డను కూడా సాహిత్యంలోకి తెచ్చింది. ఇవి ఎవరి సొంత గొడవలూ కావు, అధికారానికి సంబంధించిన విషయాలని వాదించి నిలబెట్టింది. కానీ ఒకచోట మాత్రం మనం గుమ్మం బయటే ఆగిపోయాం. అది యంత్రం లోపలి భాగం. స్టీరింగు పట్టుకున్న స్త్రీ మనకు స్వేచ్ఛకు గుర్తయింది. బానెట్ ఎత్తి లోపల చెయ్యిపెట్టిన స్త్రీ మన కథల్లో ఎంత అరుదో చదివేవాళ్ళకు తెలుసు. నడపడం మనకు దక్కింది, విప్పడం దక్కలేదు. ఇది చిన్న తేడా కాదని నా వాదన.

ఆల్టర్నేటర్‌నే తీసుకుందాం. మన ఊళ్ళ మెకానిక్కులు చాలామంది దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజను తిరుగుతుంటే బెల్టుతో పాటు తానూ తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. గత ఏడాది నా పాత కారులో ఎర్రటి బ్యాటరీ గుర్తు ఆరకుండా వెలగడం మొదలుపెట్టింది. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే అర నిమిషం చూసి, "మొత్తం మార్చాలి మేడమ్. సార్ నంబరివ్వండి, ఆయనతో మాట్లాడతాం" అన్నారు. కారు నాది, జీతం నాది, ఆర్.సి. నా పేరు మీద ఉంది. అయినా మాట్లాడదగిన మనిషి ఇంకెక్కడో ఉన్నాడు! ఆ వాక్యంలో రెండు నిర్ణయాలున్నాయి. వస్తువు బాగుపడదని ఒకటి, నాకు అర్థం కాదని రెండోది. మొదటిది నిలబడేది రెండోదాని మీదే.

కారు ఇంటికి తెచ్చుకుని మల్టీమీటర్ పెట్టి చూశాను. ఇంజను ఆపినప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులు చూపించింది. ఇంజను నడుస్తున్నప్పుడు అది 13.8 నుంచి 14.5 మధ్యకి పెరగాలి. పెరగలేదు సరికదా, తగ్గింది. అంటే కరెంటు పుట్టడం లేదు, ఉన్నదే ఖర్చవుతోంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేశాను. ఏ వైరు ఎక్కడిదో ఫోటో తీసుకున్నాను. బెల్టు వదులు చేసి ఆల్టర్నేటర్‌ని దించి, రెండు చిప్పలు మళ్ళీ సరిగ్గా కలిసేలా గీత గీసి అప్పుడు విప్పాను.

లోపల మహా రహస్యమేమీ లేదు. మధ్యలో తిరిగే రోటర్ ఒక విద్యుదయస్కాంతం. దాని ఇరుసు మీద రెండు రాగి ఉంగరాలుంటాయి. వాటిని ఒరుసుకుంటూ రెండు కార్బన్ బ్రష్షులు రోటర్‌కి కొద్దిపాటి కరెంటు అందిస్తాయి. చుట్టూ ఉన్న స్టేటర్ చుట్లలో పెద్ద కరెంటు పుడుతుంది. డయోడ్లు దాన్ని ఒకే దిశకు మళ్ళిస్తాయి. రెగ్యులేటర్ హద్దు దాటకుండా చూస్తుంది. రోటర్ చుట్టను కొలిస్తే కొద్ది ఓములు చూపించింది, అంటే తెగలేదు. దాని ఇనుప ఒంటికి ఎక్కడా తగలడం లేదు. డయోడ్లు ఒకవైపే దారి ఇస్తున్నాయి. అవీ బాగున్నాయి. బ్రష్షుల్లో ఒకటి మాత్రం 3 మిల్లీమీటర్లకు అరిగి ఉంగరాన్ని అందుకోవడమే మానేసింది. ఇంత యంత్రమూ పోయిందని చెప్పింది ఆ బొగ్గుముక్క కోసం!

ఉంగరాలను సన్నటి ఎమ్రీ పేపరుతో శుభ్రం చేశాను. కొత్త బ్రష్షులు సోల్డరింగ్ చేశాను. అవి బయటికి తన్నుకు రాకుండా వెనకనున్న చిల్లులోంచి సాగదీసిన జడపిన్నుతో పట్టి ఉంచి, చిప్పలు మూశాక పిన్ను లాగేశాను. గరగరలాడుతున్న బేరింగు లాగడానికి తగిన పుల్లర్ నా దగ్గర లేదు. దానికి రోడ్డు పక్కన సెల్ఫ్-డైనమో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ బిగించాక మీటరు 14.2 చూపించింది.

ఇందులో ఇంజనీరింగ్ డిగ్రీ అవసరమైన మెట్టు ఒక్కటీ లేదు. ఓపిక, వరస, జాగ్రత్త చాలు. ఇవి ఆడవాళ్ళకు 'సహజ' గుణాలని మనకు పాఠం చెప్పినవాళ్ళే, యంత్రం దగ్గరికి వచ్చేసరికి మనకు సహజంగా భయమని చెబుతారు. ఈ భయం సహజం కాదు, తయారు చేసింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చూడండి. కదులుతున్న యంత్రాన్ని శుభ్రం చేయడానికి, నూనె వేయడానికి, సరిచేయడానికి అనుమతించకూడనివాళ్ళ జాబితాలో స్త్రీలను, వయసు రాని కుర్రాళ్ళను పక్కపక్కన పెట్టింది. యంత్రాన్ని అందరికీ సురక్షితంగా చేయమనే బదులు స్త్రీని పక్కకు జరగమంది. ఇంట్లో గిర్రున తిరిగే గ్రైండరులో చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం ఏ చట్టానికీ మనం గుర్తురాలేదు.

1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఎగుమతి ఫ్యాక్టరీల గురించి రాస్తూ, స్త్రీల 'చురుకైన వేళ్ళు' పుట్టుకతో రావని, ఇంట్లో కుట్టుపని లాంటివి నేర్పిన నైపుణ్యమేనని, దాన్ని నైపుణ్యంగా గుర్తించకపోవడం వల్లే చవగ్గా దొరుకుతుందని చూపించారు. 1985లో సింథియా కాక్‌బర్న్ స్త్రీలను యంత్రం నడిపేవాళ్ళుగా ఉంచి, దాని లోపలి సంగతి మగవాళ్ళ చేతిలో ఎలా పెడతారో వివరించారు. బిగించడానికి పనికొచ్చిన వేళ్ళు విప్పడానికి ఎందుకు పనికిరావు? విప్పడం తెలిసినవాళ్ళకు ధర తెలుస్తుంది, అబద్ధం తెలుస్తుంది కాబట్టి!

మన సాహిత్య చరిత్ర దీనికి అతీతం కాదు. వితంతువుల గురించి తెలుగులో ఎంత రాశాం! నవలలు, నాటకాలు, వాటి మీద సిద్ధాంత గ్రంథాలు. కానీ అయ్యలసోమయాజుల లలిత మన పాఠాల్లోకి ఎందుకు రాలేదు? తెలుగు కుటుంబంలో 1919లో పుట్టి, 15 ఏళ్ళకు పెళ్ళయి, 18 ఏళ్ళకే చంటిబిడ్డతో వితంతువైంది. మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివింది. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో పాలుపంచుకుంది. నేను విప్పిన ఆల్టర్నేటర్‌కి అవి పెద్దక్కలు. ఉద్ధరించబడిన వితంతువు మనకు కథ అయింది. కరెంటు పనిచేసిన వితంతువు కాలేదు.

అభ్యంతరాలు నాకు తెలుసు. ఇంటిపని, ఉద్యోగం చాలవా, ఇదొకటా అంటారు. ప్రతి స్త్రీ తన కారు తానే బాగుచేసుకోవాలని నేననడం లేదు. మగవాళ్ళు కూడా చాలామంది చేసుకోరు. కానీ షెడ్డులో నిలబడితే వాళ్ళకు తెలుసనే అనుకుంటారు. ఆ ఊరికే దక్కే గౌరవమే వాళ్ళ ఆస్తి. తెలుసుకుని పని అప్పగించడం వేరు, తెలియక మనల్ని మనం అప్పగించుకోవడం వేరు.

ఇది కారున్న మధ్యతరగతి గొడవ అంటారు. బోరు మోటారు కాలిపోతే మెకానిక్ కోసం ఎదురుచూసే రైతుస్త్రీకి, మిషను ఆగితే ఆ రోజు కూలి పోయే దర్జీ స్త్రీకి కూడా ఇదే మూత అడ్డం. కారు ఒక ఉదాహరణ మాత్రమే.

మెకానిక్ పొట్ట కొడతామా అన్నది మూడో ప్రశ్న. నా బేరింగు మార్చిన పెద్దాయన చిన్నతనంలోనే షెడ్డులో చేరి చేత్తో నేర్చుకున్నాడు. నేనడిగిన ప్రతిదీ విసుక్కోకుండా చెప్పాడు. ఆయన విద్యను మన సమాజం చదువుగా లెక్కపెట్టదు. గ్రీజు అంటిన చేతిని చిన్నచూపు చూడటంలో కులం ఉంది. ఆ చెయ్యి ఆడదై ఉండకూడదనడంలో పితృస్వామ్యం ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి బిగించిన నట్టూ బోల్టూ. మనం పోట్లాడాల్సింది ఆయనతో కాదు.

1990ల తొలినాళ్ళలో హైదరాబాదు నుంచి వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన శరీరం గురించిన జ్ఞానాన్ని డాక్టరు బల్ల మీంచి మన చేతుల్లోకి తెచ్చింది. డాక్టర్లు అక్కర్లేదని కాదు, డాక్టరు ముందు మూగగా కూర్చోనక్కర్లేదని. యంత్రాల విషయంలో ఆ పని ఇంకా మొదలే కాలేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' పోర్టల్ పెట్టి కార్లను కూడా అందులో చేర్చింది. విడిభాగాల వివరాలు, మాన్యువళ్ళు అందుబాటులో ఉంటే సరిపోతుందా? మాన్యువల్ తెరిచే ధైర్యాన్ని చిన్నప్పుడే లాగేసుకుంటే ఆ హక్కు ఎవరిది?

కాబట్టి మన స్త్రీ అధ్యయన కేంద్రాలను అడుగుతున్నాను. వచ్చే సదస్సులో ఒక పూట ప్రసంగాలు తగ్గించండి. బల్ల మీద ఒక పాత ఆల్టర్నేటర్, నాలుగు పానాలు, ఒక మల్టీమీటర్ పెట్టండి. నేర్పడానికి ఒక షెడ్డు మెకానిక్‌ని పిలిచి, ప్రొఫెసర్లకిచ్చే గౌరవ వేతనమే ఆయనకూ ఇవ్వండి. కథకులను కూడా అడుగుతున్నాను. మీ నాయిక కారు దారిలో ఆగిపోతే, సాయానికి ఏ మగాడినీ పంపకండి. ముందు ఆమెతో బానెట్ ఎత్తించండి.