మెమో ఎవరికివ్వాలి?

పోయిన నెల నాకు మెమో ఇచ్చారు. రాత్రి పదింటికి చెయ్యాల్సిన ఇంజక్షన్ పన్నెండింటికి చేశానట. నిజమే. కానీ ఆ రాత్రి వార్డులో 42 మంది రోగులకు నేనొక్కదాన్నే నర్సుని. ఒకరికి రక్తం ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి పదిహేను నిమిషాలు పక్కనుంచి కదలకూడదని మాకు నేర్పారు. ఇంకొకామెకి ఆయాసం. ఎవర్ని వదిలి వెళ్ళాలి? మెమోలో ఆ ప్రశ్న లేదు.

సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకొక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20 వేలకు తగ్గకూడదని, సుప్రీంకోర్టు ఆదేశంపై వేసిన కమిటీ 2016లో సిఫార్సు చేసింది. మా దగ్గర రెండూ లేవు. జీతం చాలక వెళ్ళిపోయినవాళ్ళ స్థానాలు నింపరు. వెళ్ళలేనివాళ్ళ ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటాయి.

పైగా మమ్మల్ని 'సేవామూర్తులు' అంటారు. సేవ అన్నాక మనుషుల్ని లెక్కపెట్టనక్కర్లేదు కాబోలు!

మెమోకి జవాబుగా ఆ రాత్రి డ్యూటీ చార్టు జతచేశాను. ఈసారి సంజాయిషీ వాళ్ళివ్వాలి. అక్కల్లారా, చెల్లెళ్ళారా, ప్రతి రాత్రీ రాసిపెట్టుకోండి: రోగులెందరు, నర్సులెందరు. ఒక్కదాని మాటని కొట్టిపారేస్తారు. అందరం రాసిన లెక్కని కొట్టెయ్యలేరు.