నిందించుటకు ముందు
కతోలిక శ్రీసభను వీడి సువార్త కూటములలో చేరిన మన తెలుగు కుటుంబములను ప్రలోభమునకు లొంగినవారని కొందరు నిందింతురు. ఈ నింద మాకు సమ్మతము కాదు.

పాపసంకీర్తనము గురువు చెవిలోనా, నేరుగా దేవుని సన్నిధినా యన్నది ఎవరి మనస్సాక్షి వారు తేల్చుకొనవలసిన ప్రశ్న. అది యట్లుండ, 1963లో రెండవ వాటికన్ మహాసభ దివ్యపూజలో లాటినుతోబాటు మాతృభాషకును చోటిచ్చినది. తమిళనాట పలుచోట్ల ఆ చోటు సహజముగనే తమిళమునకు దక్కినది. అచటి తెలుగువారి మాతృభాష ఇంటి గడప దాటలేదు. తెలుగు బైబిలుతో, పురుషోత్తమ చౌదరి కీర్తనలతో పిలిచినవారి యొద్దకు కొందరు పోయిరనిన వింత యేమి?

విచారణ గురువులారా, నెలకొక తెలుగు పూజయైన నడిపి, పిదప నిందింపుడు. వెళ్లిన సోదరులారా, అమ్మమ్మ జపమాలను విగ్రహారాధన యని ఈసడింపకుడు. మీ తొలి తెలుగు ప్రార్థనను ఆ పూసలపైననే నేర్చితిరి.