సెల్ఫ్ కేటరింగ్‌లో ఆ ‘సెల్ఫ్’ ఎవరు?

గ్రీస్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి స్నేహితులు ఒకటే అడుగుతున్నారు, ఏం చూశావని. అందులోనూ వెళ్ళింది లెస్బోస్ దీవికాయె! శాఫో పుట్టిన దీవి. మనలో చాలామందిమి పాఠాల్లో చెప్పీ, వ్యాసాల్లో రాసీ, చూడకుండానే చూసినట్టు మాట్లాడే చోటు. నిజం చెప్పమంటే నేను చూసింది ఒక స్టీలు సింకు. దాని మీద చిన్న కిటికీ. ఆ కిటికీలోంచి అరచెయ్యంత సముద్రం. ఏడు రోజుల్లోనూ నేను ఎక్కువసేపు చూసింది ఆ అరచెయ్యంత సముద్రాన్నే.

నవ్వించడానికి చెప్పటం లేదు. విహారయాత్రల గురించి మనం రాసుకునే రాతల్లో సూర్యాస్తమయాలుంటాయి, శిథిలాలుంటాయి, అంట్ల ఊసు మాత్రం ఉండదు. అది ఎందుకు ఉండదని అడగడానికే ఇది రాస్తున్నాను.

2023 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో ఉంటున్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళాం. అందరం కలిసి ఓ వారం ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. మా వారూ, ఆమె భర్తా రెండు సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు కట్టారు. దీవికి ఉత్తరాన ఉన్న పెత్రా అనే ఊళ్ళో, హోటల్లో అయితే ఏడుగురికి పొద్దున ఫలహారం, రాత్రి భోజనం కలిపి ఒక ధర, సెల్ఫ్ కేటరింగ్ అపార్ట్‌మెంట్ అయితే ఇంకో ధర. తేడా దాదాపు తొమ్మిది వందల యూరోలు. “చెల్లెమ్మా, వంటిల్లు కూడా ఉందట, మన తిండి మనం వండుకోవచ్చు” అన్నారు అన్నయ్యగారు ఎంతో సంబరంగా.

మనం! మన భాషకి ‘మేము’ వేరు, ‘మనం’ వేరు అని గర్వంగా చెప్పుకుంటాం కదా. చెప్పేవాళ్ళనీ వినేవాళ్ళనీ కలుపుకునేది ‘మనం’ అని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఈ వాక్యంలో మాత్రం చెప్పేవాడు మెల్లిగా జారుకుంటాడు. వినే ఆవిడ ఒక్కతే మిగిలిపోతుంది. ఇంగ్లీషువాళ్ళ ‘సెల్ఫ్’ కూడా అచ్చం ఇలాంటిదే. స్వయంపాకం అని దాన్ని మన పాత మాటలోకి తెచ్చుకున్నా అంతే. ఆ స్వయం ఎవరో ఎవరూ అడగరు.

నా తప్పు కూడా చెప్పాలి. రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టింది నేనే. పెట్టమని ఎవరూ అడగలేదు. బియ్యం, కందిపప్పు, చింతపండు, కారం, ఇంగువ... అన్నీ ఎవరూ చెప్పకుండానే సర్దాను. అడగకుండానే జరిగిపోయే చాకిరీ కాబట్టే అది ఎవరి లెక్కలోకీ రాదు. తీరా వెళ్ళాక చూస్తే ఆ ఊళ్ళో శాకాహారి అయిన మా అత్తగారికి కూడా తిండికి లోటు లేదు. ఆలివ్ నూనెలో మగ్గబెట్టిన బెండకాయలు, బియ్యం కూరి కాల్చిన టమాటాలు, పెద్ద చిక్కుడు గింజల కూర. సముద్రం ఒడ్డునే ఏ భోజనశాలలోనైనా దొరుకుతాయి. అయినా తొమ్మిది వందల యూరోలు ఆదా చేశాం కాబట్టి వండుకోవాలి. ఆదా చేసిందాన్ని నిలబెట్టాల్సిన పూచీ మాత్రం పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళది.

అపార్ట్‌మెంట్ బాగానే ఉంది. మూడు గదులు, సముద్రం వైపు బాల్కనీ. వంటింట్లో రెండు కరెంటు పొయ్యిలు, అవి ఎర్రబడేలోగా పోపు గింజలకి విసుగు పుట్టేది. సరిగ్గా ఏడు పళ్ళేలు, మొండి కత్తి ఒకటి. ఆ దేశంలో గొట్టాలు సన్నం కాబట్టి మరుగుదొడ్లో కాగితం నీళ్ళలో వదలకూడదు, పక్కనున్న బుట్టలో వెయ్యాలి. ఆ బుట్టలోని సంచీ మూతి కట్టి బయట పెట్టింది ఏడుగురిలో ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మా వారు ఒకరోజు టీ పెట్టారు. దానికి నాలుగు ఫోటోలు ఉన్నాయి.

శాఫో మీద ఒక సెమినార్ పత్రం పూర్తి చేసుకోవాలని నోట్‌బుక్ పట్టుకెళ్ళాను. తొమ్మిది సంపుటాలుండేవని చెప్పే ఆమె కవిత్వంలో పూర్తిగా మిగిలింది ఒక్క కవిత. మిగతావి తునకలు. అందులో చాలా తునకలు ఈజిప్టులో పాత చెత్తకుప్పల్లోంచి తవ్వి తీసిన పపైరస్ ముక్కల మీద దొరికాయి. ఇన్ని తెలిసిన నేను, ఆమె పుట్టిందని చెప్పే ఎరెసోస్‌కి కొండదారిలో వెళ్తూ ఒళ్ళో ఏం పెట్టుకున్నానో తెలుసా? పులిహోర డబ్బా. ఆ తీరంలో నిలబడి అనుకున్నది, మూత సరిగ్గా పడిందా లేదా అని. నోట్‌బుక్‌లో వారం మొత్తానికి రెండు పేజీలు రాశాను.

ఇంటి యజమానురాలు అరవై దాటిన మనిషి. మెట్ల కింద గదిలో ఉండేది. ఆమె కూతురు ఇంగ్లీషులో చెప్తే తెలిసింది, ఆ ఇల్లు ఆవిడకి తల్లి కట్నంగా ఇచ్చిందట. ఏజియన్ దీవుల్లో చాలాచోట్ల ఇల్లు కూతురికి ఇచ్చి పెళ్ళి చేసే ఆనవాయితీ ఉండేది. కట్నం అనే ఏర్పాటుని గ్రీస్ 1983లో కుటుంబ చట్టం మార్చి తీసేసింది. పెళ్ళయినా స్త్రీకి చట్టరీత్యా పుట్టింటి పేరే ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మనం 1961లోనే వరకట్నాన్ని నిషేధించుకున్నాం, ఏం జరిగిందో మనకే తెలుసు. ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా అన్నది ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచీ, దేశమంతటికీ 2005లోనూ వచ్చింది. చేతికొచ్చిన ఇళ్ళెన్నో ఎవరికి వాళ్ళం చూసుకోవచ్చు. ఇంటిపేరు మారుతుంది కానీ ఇల్లు మారి మన పేరున పడదు కదా! ఆ ఇల్లు మాత్రం ఆవిడదే. వేసవిలో గదులన్నీ అద్దెకిచ్చి ఇంట్లోవాళ్ళు సామాన్ల గదిలో పడుకునేవాళ్ళట.

అదే 1983లో, అదే పెత్రాలో, గ్రీస్‌లోనే మొదటి మహిళా వ్యవసాయ పర్యాటక సహకార సంఘం మొదలైంది. ఊళ్ళో ఆడవాళ్ళు తమ ఇళ్ళల్లో గదులు సహకార పద్ధతిలో అద్దెకివ్వటం మొదలుపెట్టారు. దుప్పట్లు ఉతకటం, గదులు ఊడవటం, వండటం... పని పాతదే. మొగుడికీ పిల్లలకీ చేస్తే ధర్మం, పరాయివాళ్ళకి చేస్తే ధర! ఆ సంఘం స్త్రీలని విముక్తం చేసిందా, ఇంటిచాకిరీనే ఇంకాస్త పెంచిందా అని వాదించుకోవచ్చు. నాకు మాత్రం ఒకటి తట్టింది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం అవే పళ్ళేలు తోమాం. ఆవిడ తోమినందుకు డబ్బు తీసుకుంది. నేను తోమటానికి ఎదురు డబ్బిచ్చాను.

నాలుగో రోజు సమ్మె చేశాను. సమ్మె అని ఎవరికీ చెప్పలేదు, అదే పొరపాటేమో. ఆ ఊరి నడిమధ్య పెద్ద బండరాయి ఉంది. పెత్రా అంటేనే రాయి. దాని మీద మేరీమాత చర్చి, 114 మెట్లు. మధ్యాహ్నం నోట్‌బుక్ తీసుకుని ఎక్కి, పొద్దువాలేదాకా కూర్చున్నాను. ఆ రెండు పేజీలూ అప్పుడు రాసినవే. దిగి వచ్చేసరికి మా వారూ, అన్నయ్యగారూ, పంతొమ్మిదేళ్ళ మేనల్లుడూ బాల్కనీలో పేకాడుతున్నారు. లోపల డెబ్భై నాలుగేళ్ళ అత్తగారు, నొప్పి మోకాలిని గోడకి ఆనించి, మధ్యాహ్నం అంట్లు తోముతున్నారు. అప్పుడే బీచ్ నుంచి కూతురితో వచ్చిన మా ఆడపడుచు ముఖం ఎర్రబడింది. “అమ్మ చేత అంట్లు తోమిస్తావా వదినా?” అంది. రాత్రి డ్యూటీలు చేసి చేసి అలిసిపోయి సెలవుకొచ్చిన మనిషి, రోజూ నాతోపాటు కూరలు తరిగిన మనిషి. పది అడుగుల దూరంలో ముగ్గురు మగవాళ్ళున్నారు. ఆమె కోపం వాళ్ళని దాటి నా దగ్గరకే వచ్చింది. అత్తగారేమో “దాన్నేమీ అనకే, వీళ్ళకి మళ్ళీ ఆకలేస్తుంది” అన్నారు. నేను పీచు అందుకున్నాను.

ఫ్యాక్టరీలో సమ్మె చేస్తే పని ఆగుతుంది. ఇంట్లో సమ్మె చేస్తే పని ఆగదు, పక్కనున్న ఇంకో ఆడమనిషి మీదకి జరుగుతుంది. మనకంటే పెద్దదో, మనకంటే పేదదో. హైదరాబాద్‌లో మా సంసారం సమానంగా నడుస్తోందని సభల్లో చెప్పుకున్నదాన్ని నేను. అది మా వారి అభ్యుదయం వల్ల నడవటం లేదు, పొద్దున ఆరింటికి వచ్చి మా అంట్లు తోమే మనిషి వల్ల నడుస్తోంది. ఆవిడ లేని చోటికి ఏడు రోజులు వెళ్ళేసరికి మా సమానత్వం రంగు వెలిసిపోయింది. ఈ మాట రాయటానికి సిగ్గుగానే ఉంది.

మన దేశంలో 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకి 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చేస్తే స్త్రీలకి 289. ఐదేళ్ళలో పది నిమిషాలు తగ్గిందని మురిసిపోదామా? మగవాళ్ళది కూడా 88కి తగ్గింది! ఇంటిపనికి వేతనం అని 1972లో సెల్మా జేమ్స్, మరియారోసా డల్లా కోస్టా, సిల్వియా ఫెడెరిచీ వంటి వాళ్ళు ఉద్యమం మొదలుపెట్టినప్పుడు నవ్వినవాళ్ళున్నారు. ఆ వేతనం ఎంతని ఇప్పుడూ అడుగుతారు. ఆ రెండు సాయంత్రాల లెక్కలో అది అంకెలతో సహా ఉంది. హోటల్ ధరకీ అపార్ట్‌మెంట్ ధరకీ మధ్య తేడా ఉంది చూశారా, అది డిస్కౌంటు కాదు, మా కూలి.

ఈ సంగతి చెప్తే రిటైరైన ఒక లెక్చరర్ స్నేహితురాలు నాతో గట్టిగా వాదించింది. భర్త పోయాక ఆమె ఒంటరిగా ఇలాంటి గదిలోనే పదిరోజులు ఉండి వచ్చింది. రొట్టె, టమాటా, ఉడికించిన గుడ్డు. పళ్ళెం ఒకటే, తోమినా తోమకపోయినా అడిగేవాళ్ళు లేరు. “నలభై ఏళ్ళలో మొదటిసారి నాకేం తినాలనుందో నన్ను నేను అడిగాను. వంటింటిని తిట్టకు” అంది. ఒప్పుకుంటున్నాను. పొయ్యి మీద నాకేం పగ లేదు. ఆమె విషయంలో ‘సెల్ఫ్’ అన్న మాటకి అర్థం ఉంది. నాకు కావలసింది కూడా అదే.

ఒప్పుకోనిది ఇంకొకటుంది. “ప్రేమతో చేస్తావు కాబట్టే ఆ రుచి” అనే మాట. 2015లో ఇదే దీవి ఉత్తర తీరాన, స్కాలా సికమ్నియాస్‌లో, పడవల మీద వచ్చిన శరణార్థుల పసిబిడ్డకి ముగ్గురు ముసలమ్మలు సీసాతో పాలు పడుతున్న ఫోటో లోకమంతా తిరిగింది. 2016లో నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదన కూడా వెళ్ళింది. 1922లో అవతలి ఒడ్డు నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల ఊరు అది. వాళ్ళు చేసింది గొప్ప పని. పని అనే అంటున్నాను. లోకం దాన్ని బామ్మల ప్రేమ అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది.

వచ్చేసే రోజు పొద్దున గంటసేపు వంటిల్లు కడిగాను. పసుపు మరకలు చూసి ఆవిడేమనుకుంటుందోనని. బిల్లులో ‘శుభ్రం చేసినందుకు’ అని నలభై యూరోలున్నాయి. మా వారు అవి ఇచ్చేసి, నా వైపు చూసి, “నువ్వెందుకు కడిగావు మరి?” అన్నారు.

వచ్చే డిసెంబర్‌కి గోవాలో విల్లా చూస్తున్నారట, వంటింటితో సహా. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఫోటోలు వస్తున్నాయి. హోటల్‌కీ దానికీ తేడా ఎంతో లెక్కకట్టి, అందులో మా అత్తగారి వాటా, మా ఆడపడుచు వాటా, నా వాటా ముందుగా మా ఖాతాల్లో వెయ్యమని రాశాను. అన్నయ్యగారు నవ్వుతున్న బొమ్మ పెట్టారు. మా ఆడపడుచు తన ఖాతా నంబరు పెట్టింది.